చెవులమ్మ సాక్ష్యం

ఆ ఇంట్లో కాఫీ వాసన కంటే ముందు కప్పుల మోత లేస్తుంది.

చెవులమ్మ పాలు పొయ్యి మీద పెట్టి, కప్పుల్ని ఒక్కొక్కటిగా ఎడమచేతి వేళ్ళ కొసల మీద నిలబెట్టి, కుడిచేతిలోని కర్రపుల్లతో అంచు మీద చిన్నగా తడుతుంది. ఖంగుమంటే కప్పు బల్లెక్కుతుంది. గొంతు జీరబోయినట్టు వినిపిస్తే మాత్రం దాని పని అయిపోయినట్టే. సింకు కింద మూత ఉన్న బకెట్టు ఒకటుంది, అందులోకి ముక్కలై పోతుంది. ఈ తతంగం చూసీ చూసీ ఆమె భర్తకు విసుగు పోయి సరదా మిగిలింది. "మా ఇంట్లో కాఫీ తాగాలంటే ముందు కచేరీ వినాలి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. ఆయన బస్సు నడపడం మానేసి చాలాకాలమైనా వీధిలో అందరికీ ఇంకా డ్రైవరుగారే.

చెవులమ్మకు ఆ పేరు పెట్టింది పింగాణి ఫ్యాక్టరీ. బట్టీలోంచి దిగిన ప్రతి గిన్నె, ప్రతి కప్పు ఆమె బెంచీ మీదికొచ్చి తన గొంతు వినిపించి పోవాల్సిందే. కంటికి కనపడని వెంట్రుకవాసి పగులైనా ఆమె చెవికి దొరికిపోతుంది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. పగులుందని తేలిన గిన్నెను మళ్ళీ కింద పెట్టకూడదు, పట్టుకున్న చేత్తోనే పక్కనున్న డ్రమ్ములో కొట్టెయ్యాలి. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టిన గిన్నె ఎలాగో మంచివాటిలో కలిసిపోయి, ఎవరింట్లోనో వేడివేడిగా ఏదో పోసినప్పుడు ఒళ్ళో విచ్చుకుంటుంది. ఆ పని ఆమెకు ఎంత అలవాటైపోయిందంటే మనసుతో నిమిత్తం లేకుండా చేతులే చేసేస్తాయి. ఫ్యాక్టరీలో పెద్దవాళ్ళు కూడా ఆమె ఊఁ అంటే ఊఁ, ఉహుఁ అంటే ఉహుఁ. అందుకు ఆమెకు కొంచెం గర్వం కూడా ఉంది. ఉండదూ మరి.

ఆ శనివారం పొద్దున కూడా మోత మామూలుగానే లేచింది గాని, ఇంట్లో గాలే మామూలుగా లేదు.

కోడలు ఇంట్లో కూర్చునుంది. ఆమె పసిపిల్లల బడిలో టీచరు. కొన్నాళ్ళ కింద జారుడుబల్ల మీంచి ఓ పిల్ల పడితే చెయ్యి వంకర తిరిగిపోయింది. కోడలు పరుగున వెళ్ళి ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. కాసేపటికి పిల్ల ఏడుపాపి, ఆ చేత్తోనే కన్నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ జారుడుబల్ల ఎక్కేసింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ఇద్దరు తల్లులు అది కళ్ళారా చూశారు. ఇక చెప్పేదేముంది, మర్నాటి నుంచి బడి గేటు దగ్గర నడుంనొప్పి అని ఒకరు, నిద్ర పట్టడంలేదని ఒకరు. బడి నడిపే పెద్దావిడ హడలిపోయి, గొడవ సద్దుమణిగేదాకా ఇంట్లో ఉండమ్మా అని పంపేసింది.

తను ఏదో చేశానని కోడలు ఎవరితోనూ అనలేదు. ఏమీ చెయ్యలేదనీ అనలేదు. కొడుకు బాధంతా ఆ రెండోదాని గురించే. అతను మందుల షాపులో పనిచేస్తాడు. పేరు చెబితే ఏ మందు ఏ అరలో ఉందో, ఏ నొప్పికి ఎంత వెయ్యాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అలాంటివాడి పెళ్ళాం చేత్తో తాకి ఎముకలు అతికిస్తోందని షాపుకొచ్చిన ప్రతివాడూ వెటకారమాడుతుంటే తల కొట్టేసినట్టయింది. పిల్లకి అసలు దెబ్బే తగల్లేదని నీ నోటితో ఒక్క మాట చెప్పెయ్ అని రోజూ అడిగాడు. చెప్పలేనండి అని రోజూ ఆమె అంది. ఇక లాభం లేదని, ఆదివారం ఆమెను పుట్టింట్లో దింపి, అక్కడే మనసు డాక్టరుకు చూపించే ఏర్పాటు చేశాడు. బాగయ్యాక తీసుకొస్తాడట. ఎప్పటికి బాగవుతుందో, అసలు బాగవ్వాల్సింది ఏమిటో ఎవరూ అడగలేదు.

చెవులమ్మ కూడా అడగలేదు. కోడలంటే ఆమెకు ఇష్టమే. మెత్తగా మాట్లాడుతుంది, చెప్పుల చప్పుడు కాకుండా నడుస్తుంది. ఆమె గొంతు నిండుగా, మంచి బట్టీలో కాలిన గిన్నెలా ఉంటుందని చెవులమ్మ పెళ్ళిచూపుల్లోనే గమనించింది. పొద్దున్నే కిటికీ పక్కన ఒళ్ళో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఒక్కటే అత్తగారికి అంతుపట్టేది కాదు.

కప్పులయ్యాక, పాలు కాగేలోపు పెద్ద గిన్నెను కూడా చూద్దామని తీసింది. నీలం అంచు గిన్నె అది. డ్రైవరుగారికి పాలలో నానేసిన రొట్టె అందులో తింటేనే తిన్నట్టుంటుంది. పుల్లతో తట్టింది. టక్ అంది. మరోసారి తట్టింది. అదే జీర. వెలుతురుకు ఎత్తి చూస్తే అంచు నుంచి అడుగుదాకా సన్నని పగులు దిగి ఉంది. గోటితో గీస్తే గోటికి తగిలింది.

"అయ్యో, మావయ్య గిన్నె కదూ" అంటూ కోడలు దగ్గరికొచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఏదో చేద్దామని తీసుకున్నట్టు లేదు. వెళ్ళిపోబోయే మనిషి ఇంట్లో వస్తువుని ఒకసారి తాకి చూసుకున్నట్టు తీసుకుంది. రెండు అరచేతుల మధ్యా పట్టుకుని, కళ్ళు వాల్చి, అలా నిలబడిపోయింది.

చెవులమ్మ చూస్తూనే ఉంది. ఆ పగులు అడుగు నుంచి అంచు వైపుగా, కడిగిన గచ్చు మీద తడి గీత ఆరినట్టు ఆరిపోతూ వచ్చింది. తొందరేమీ లేదు. మెరుపు లేదు, మంత్రం లేదు. కిటికీ అవతల ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ గీత అంచుదాకా వచ్చి, అక్కడ ఓ క్షణం ఆగి, లేకుండా పోయింది.

కోడలు గిన్నెను తిరిగిచ్చింది. చెవులమ్మ వేళ్ళ కొసల మీద దాన్ని నిలబెట్టి, పుల్లతో తట్టింది.

గిన్నె మోగింది. ఎన్ని వేల గిన్నెలు విన్న చెవి అది, కాని అలాంటి మోత ఎన్నడూ వినలేదు. అది గదంతా నిండింది. నిండి, ఎంతకీ తగ్గలేదు. చెవులమ్మకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఎందుకో తెలియకుండానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత పెద్దది ఇంత ఇరుకు వంటింట్లో ఎలా పట్టిందా అనిపించింది. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, ఎవరికో మాత్రం తెలియలేదు. తను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మోత ఎక్కడో మోగుతూనే ఉందనీ, ఇవాళే తన చెవిన పడిందనీ ఆమెకు తోచింది.

ఇంతలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాడువాసన వచ్చింది. ఆ వాసనకు చెవులమ్మ మనసు ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

మనసును మించిన ప్లీడరు లేడు. తడిచేత్తో పట్టుకున్నావు, అందుకే మొదట మోగలేదంది. అది పగులు కాదు, నీ తలవెంట్రుక అంటుకుందంది. గోటికి తగిలింది కదా అంటే, ఎండిన పాలచార అంది. దాని దగ్గర లేని జవాబు లేదు. లోపల ఈ వాదన నడుస్తుండగానే చేతులు తమ పని తాము కానిచ్చేశాయి. పగులుందని ఒకసారి తేల్చిన గిన్నె. పట్టుకున్న చేత్తోనే. చెవులమ్మ వంగి బకెట్టు మూత తీసి, గిన్నెను అందులోకి విసిరికొట్టింది.

ముక్కల చప్పుడు ఆగాక కోడలు మెల్లగా అంది. "మీరు విన్నారు కదత్తయ్యా."

"వినడానికేముంది? పగిలిన గిన్నె, పారేశాను" అంటూ చెవులమ్మ ఆమె వైపు చూడకుండా పొయ్యి తుడుచుకుంది.

ఆ రోజు ఫ్యాక్టరీలో బెంచీ ముందు కూర్చుందేగాని ప్రాణం ప్రాణంలో లేదు. పొద్దున మనసు చెప్పిన జవాబులు ఒక్కొక్కటే వీగిపోవడం మొదలుపెట్టాయి. తలవెంట్రుకైతే గోటికి చిక్కి ఊడి రావాలి. పాలచార తడిచేతికి కరగాలి. ఇక తడిచేతి సంగతంటావా, ఇన్నేళ్ళుగా తడిచేతులతోనేగా మోగిస్తోంది. అన్నీ పోగా ఒక్కటే మిగిలింది, తన చెవే తప్పు విన్నది. అది ఒప్పేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి. గిన్నెలు పగులుతాయి, పగిలినవి అతుక్కోవు, లోకం ఎప్పటి లోకమే. ఆ ఆలోచన ఎంతో హాయిగా తోచింది.

ఆ హాయి తర్వాతి కప్పు దాకా కూడా నిలవలేదు. తడితే ఖంగుమంది. నిజంగా అందా? పొద్దున తప్పు విన్న చెవి ఇప్పుడు మాత్రం ఒప్పే విన్నదని ఏమిటి నమ్మకం? మళ్ళీ తట్టింది. మళ్ళీ. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. వెనక కప్పులు పేరుకుపోతున్నాయి. చివరికి ఏదైతే అదయిందని దాన్ని డ్రమ్ములో కొట్టేసింది. పక్క బెంచీలో నునుపు చూసే ఆవిడ ఓ ముక్క తీసి అటూ ఇటూ తిప్పి, "బంగారంలాంటి కప్పు కదే, ఏమొచ్చింది నీకివాళ?" అంది. తలనొప్పి అంది చెవులమ్మ. తన బెంచీ మీద తనే పరాయిదైపోయినట్టనిపించి ఏడుపొచ్చింది. చూసింది కాదనుకోవడానికి ఒక్క అబద్ధం సరిపోతుందనుకుంది. అది నిలబడాలంటే ఇంకోటి కాదనాలి, దాని కోసం మరోటి. ఆ లెక్కన చివరికి తన పేరే కాదనుకోవాలి.

సాయంత్రం భోజనాల దగ్గర డ్రైవరుగారు తన గిన్నె ఏదని అడిగారు. పగిలిందని చెవులమ్మ చెప్పింది. కోడలు తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. ఆ చూపు కొడుకు కంటపడింది. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగాడు. అడిగితే దాచడం ఆ పిల్లకి రాదు.

"అత్తయ్య చేతిలో ఉన్నప్పుడు పగులుందండి. నేను పట్టుకున్నాక పోయింది. అత్తయ్య మోగించి చూశారు."

కొడుకు చెంచా కింద పెట్టాడు. అయిపోయింది, ఇక గిన్నెలు కూడా మొదలయ్యాయన్నమాట అని నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు. తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఈ ఇంట్లో నీ మాటకు తిరుగులేదు. నువ్వు చెప్పు. అలాంటిదేమైనా జరిగిందా?" అన్నాడు.

జరిగిందంటే ఏమవుతుందో చెవులమ్మకు తెలుసు, కోడలు ఇంట్లో ఉంటుంది. లేదంటే ఏమవుతుందో కూడా తెలుసు. అన్నీ తెలిసి, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, కంచంలోకి చూస్తూ అంది. "నాకేం తెలీదురా. గిన్నె పగిలింది, పారేశాను."

కోడలు అందరి కంచాలూ తీసి కడగడానికి వెళ్ళిపోయింది. చెవులమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. డ్రైవరుగారు ఏదో అనబోయి, కుడిచేతి వంక చూసుకుని, ఎందుకో మానేశారు.

ఆదివారం పొద్దున కోడలు గదిలో పెట్టె సర్దుకుంటోంది. ఆరిన తువ్వాలొకటి చేత పట్టుకుని, అదే పనిమీద వచ్చినట్టు చెవులమ్మ లోపలికి వెళ్ళింది. కోడలు తువ్వాలు అందుకుని మడతపెట్టింది.

"మీ మీద కోపమేం లేదత్తయ్యా" అంది. "మా అమ్మ కూడా అంతే. నా చిన్నప్పుడు నాన్న కళ్ళజోడు కింద పడి అద్దం చిట్లింది. నాన్న తిడతారని భయమేసి దాన్ని పట్టుకుని కూర్చున్నాను. బాగైపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చూసి, నాన్నకి రెండు కళ్ళజోళ్ళున్నాయని తీర్మానించేసింది. నాన్నకి ఎప్పుడూ ఒక్కటే."

చెవులమ్మకు నవ్వు రాబోయి గొంతులో ఆగిపోయింది.

"అప్పట్నించీ నాకే అనుమానం. ఇంతమంది లేదంటుంటే ఒక్కదాన్నే ఉందనుకుంటున్నానంటే నాకే మతి సరిగా లేదేమో అని. నిన్న మీరు గిన్నె మోగించినప్పుడు మీ మొహం చూశాను. అమ్మయ్య, నాకు పిచ్చి లేదు అనుకున్నాను." పెట్టె మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టుకుంది. "సాయంత్రం మీరు లేదన్నాక మళ్ళీ మొదటికొచ్చింది. డాక్టరుగారు ఏం చెబితే అదే వింటాలెండి. అదే నిజమేమో."

ఆ చివరి మాట దగ్గర చెవులమ్మ చెవి నిక్కబొడుచుకుంది. కోడలి గొంతులో జీర. ఏడుపు జీర కాదది. అంచు నుంచి అడుగుదాకా దిగిన జీర. పెళ్ళిచూపుల్లో విన్న ఆ నిండు గొంతు ఇది కాదు. ఇన్నాళ్ళూ ఊరంతా వెక్కిరించినా, మొగుడు రోజూ దెప్పినా ఆ గొంతు చెక్కు చెదరలేదు. నిన్న తను అన్న ఒక్క మాటకు చిట్లింది. తప్పు వింటోందని తను నిందవేసిన చెవే ఇప్పుడు ఇంత సన్నని పగులును పట్టుకుంది. అయితే నిన్నా సరిగ్గానే విన్నది. పగులూ నిజమే, మోతా నిజమే.

బయట కారు వచ్చి ఆగింది. కొడుకు వచ్చి పెట్టె అందుకున్నాడు. డ్రైవరుగారు వీధి గుమ్మం పక్క కుర్చీలో పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నారు. కోడలు చెప్పులు వేసుకుంటోంది.

"పెట్టె కింద పెట్టరా" అంది చెవులమ్మ.

ఏమైందమ్మా, ఆలస్యమవుతోంది అన్నాడు కొడుకు.

"నిన్న నేను అబద్ధమాడాను. గిన్నె పగిలి ఉంది. నా గోటికి తగిలింది. అమ్మాయి చేతిలోకి తీసుకుంది, పగులు పోయింది. నేను చూస్తుండగానే పోయింది. మోగిస్తే మోగింది. అలాంటి మోత నేను పుట్టాక వినలేదు."

కొడుకు పెట్టె దించలేదు. అమ్మకు కోడలి మీద జాలి పుట్టిందనుకున్నాడు. నెమ్మదిగా, షాపులో ముసలివాళ్ళకు మందు వేసుకునే పద్ధతి చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. వెంట్రుక ఏదైనా అంటుకుందేమో అన్నాడు. నేనూ అదే అనుకున్నాను అంది చెవులమ్మ. పాలచార కావచ్చన్నాడు. అదీ అనుకున్నాను అంది. చెయ్యి తడిగా ఉందేమో. అదీ అయింది. చెవికి వయసొచ్చిందేమో అన్నాడు చివరికి, కొంచెం జంకుతూ.

"అదీ అనుకున్నాను నాన్నా. నీకంటే ముందే, నీకంటే బాగా అనుకున్నాను. నిన్నంతా అదే పని."

"సరే, మరి ఆ గిన్నె చూపించు."

"పగలగొట్టాను."

"బాగైన గిన్నెను ఎవరైనా పగలగొడతారా అమ్మా?"

"నేను పగలగొట్టాను. భయమేసింది. అది నిజమైతే ఇన్నాళ్ళూ నేను అనుకున్నవన్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. రుజువును నా చేతుల్తోనే ముక్కలు చేశాను. ఇక మిగిలింది నా మాటొక్కటే. దాన్ని కూడా బకెట్లో కొట్టేసి ఈ పిల్లని కారెక్కిస్తే, ఈ చెవులు ఉండి ఎందుకురా నాకు?"

డ్రైవరుగారు పేపరు మడిచి కింద పెట్టారు. కుడిచెయ్యి ముందుకు చాచి, వేళ్ళు విప్పి, అందరికీ కనబడేలా గాలిలో పట్టుకున్నారు. ఆ చెయ్యి రాయిలా నిలకడగా ఉంది.

"స్టీరింగు వదిలినప్పట్నించీ ఇది వణికేది, మీకు గుర్తుందా" అన్నారు. "కాఫీ సగం నేలపాలయ్యేది. అమ్మాయి నా పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేప్పుడు దీని మీద చెయ్యేసి ఉంచేది. వణుకు పోయింది. చలి తగ్గింది కదా, అందుకే పోయిందనుకున్నాను. మళ్ళీ చలికాలం వచ్చింది, పోయింది, వణుకు మాత్రం రాలేదు. అయినా చలి వల్లే అనుకున్నాను." ఆయన చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నారు. "పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూర్చున్నాను. చెబితే మీరు నవ్వుతారని."

చెవులమ్మ తెల్లబోయి భర్తను చూసింది. రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగే మనిషి. ఆ వణుకు ఎప్పుడు పోయిందో తను కూడా అడగలేదు.

కొడుకు చేతిలోంచి పెట్టె జారింది. దాని మీదే కూలబడి, తన పాదాల వైపు చూసుకున్నాడు. పెళ్ళైన కొత్తలో అతని పాదం మీద సలసల మరిగే నీళ్ళు పడడం అందరికీ గుర్తే. మర్నాటికి మచ్చ కూడా లేకుండా మానిపోతే, షాపులో కొత్తగా వచ్చిన మందు మహత్యమని అతను ఇంటిల్లిపాదికీ చెప్పాడు. అదే మందు షాపుకొచ్చినవాళ్ళకు ఒట్టేసి మరీ అమ్ముతుంటాడు.

"ఆ ట్యూబు ఇంకా నా బీరువాలోనే ఉందమ్మా" అన్నాడు. "దాని మూత కూడా తియ్యలేదు."

అనేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వెక్కిళ్ళ మధ్య మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆ రోజు ఆమె తన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మంట నీళ్ళలా దిగిపోవడం తనకు తెలిసిందట. తెలిసి భయపడ్డాడట. అది నిజమైతే తను అమ్మే మందులేమిటి, పక్కన పడుకున్న ఈ మనిషి ఎవరు, తనెవరు. మూత తియ్యని ట్యూబును దాచిపెట్టి, మందు రాసుకున్నానని ముందు తనకు తనే చెప్పుకున్నాడు. జనం నోళ్ళలో ఆ మాట మళ్ళీ వినబడేసరికి పాత భయమంతా లేచింది. దానికి పిచ్చి అని పేరు పెట్టి, పెట్టెలో పెట్టి, పుట్టింట్లో దింపేద్దామనుకున్నాడు.

కోడలు చెప్పులు విడిచి వచ్చి అతని ముందు నేల మీద కూర్చుంది. ఆమె కళ్ళు కూడా ధారలు కడుతున్నాయి.

"నాకూ భయమేనండి" అంది. "అడిగితే వచ్చేది కాదది, ఆపితే ఆగేదీ కాదు. ఎక్కణ్ణించి వస్తుందో నాకూ తెలీదు. అది వచ్చినప్పుడు నేను కూడా మీలాగే నోరు తెరుచుకుని చూస్తూ ఉంటాను. కాకపోతే ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే భయపడ్డాను. అదే కష్టం."

ఆ చిన్న ముందుగదిలో నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చుండిపోయారు. ఎవరి మొహం వాళ్ళు మొదటిసారి చూపించుకుంటున్నట్టుంది. అందరూ చూశారు. చూసినవాళ్ళంతా ఎవరి మూట వాళ్ళు కట్టి దాచుకున్నారు. కళ్ళెదుట ఇంత జరుగుతుంటే దాన్ని చలికాలమని, మందని, పాలచారని పిలుస్తూ ఎలా బతికేశామా అని చెవులమ్మకు ఒళ్ళు జలదరించింది. వంటింట్లో మోగిన ఆ మోత ఆగలేదనీ, తామే చెవులు మూసుకున్నామనీ ఆమెకు అర్థమైంది. ఎంత పెద్దదాని పక్కన ఎంత మామూలుగా కాఫీలు తాగారు.

కారతను హారను కొట్టాడు. డ్రైవరుగారు లేచి, ప్రయాణం మానుకున్నారు నాయనా అని చెప్పి పంపేశారు.

సోమవారం పొద్దున కొడుకు షాపుకు వెళ్ళేముందు బడికి వెళతానన్నాడు. ఆ పెద్దావిడతో తనే మాట్లాడతానన్నాడు. ఏం చెబుతారని కోడలు అడిగింది. మాకూ అర్థం కాలేదండీ, కాని అబద్ధం మాత్రం కాదు అని చెబుతాను అన్నాడు. అంతకంటే ఏం చెప్పాలో తెలియక తల గోక్కున్నాడు. అది చాలండి అంది కోడలు.

చెవులమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది. కప్పులు తీసి, వాటిని మోగించకుండానే వరసగా బల్ల మీద పెట్టేసింది. కర్రపుల్ల గూట్లోనే ఉంది. అందరూ చిత్రంగా చూశారు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, ఎందుకులే ఇక, ఇంత పెద్ద మోతను విని కూడా వినలేదన్న దాన్ని, ఈ చెవితో కప్పులేం పరీక్ష చేస్తాను అంది.

కోడలు లేచి గూట్లోంచి పుల్ల తీసింది. ఒక కప్పుతో పాటు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

"మోగించండత్తయ్యా. మీ చెవి మీద నమ్మకం వదులుకోకండి. నాకున్న మొదటి సాక్షి అది."

ఆ గొంతు నిండుగా ఉంది. ఎక్కడా జీర లేదు. చెవులమ్మ అది విని, కళ్ళు ఒత్తుకుని, కప్పును వేళ్ళ కొసల మీద నిలబెట్టి చిన్నగా తట్టింది. ఖంగుమంది. మామూలు కప్పే, మామూలు మోతే. అయినా అది సన్నబడి సన్నబడి పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఎవరూ కదల్లేదు.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాడువాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.